రిటర్న్ బండిలో నీళ్ల సీసా

హయగ్రీవరావు గారికి జ్ఞానోదయం నెల్లూరులో అయింది.

బావమరిది గృహప్రవేశానికని విజయవాడ నుంచి ఆయన మాట్లాడుకున్న కారువాడు పోయిన దూరానికీ, ఆయన లేకుండా తాను తిరిగిపోయే దూరానికీ కలిపి బాడుగ తీసుకున్నాడు. "ఖాళీగా పోవాలి కదండీ మరి" అన్నాడు. మర్నాడు ఊళ్లో వాకబు చేస్తే, విజయవాడ నుంచి ఎవరినో తెచ్చి దింపి ఖాళీగా తిరిగిపోతున్న ఇంకో కారు తగిలింది. వాడు సగం బాడుగకే ఎక్కించుకుని, దారిలో ఒంగోలు దగ్గర తన డబ్బులతో టీ కూడా ఇప్పించాడు. ఇదే రిటర్న్ బండి. పెళ్లిళ్లకూ ఆస్పత్రులకూ తిరిగే జనానికి ముప్ఫై ఏళ్లుగా తెలిసిన సంగతి హయగ్రీవరావు గారికి ఆ రోజే తెలిసింది.

మామూలు మనిషైతే ఇంటికొచ్చి భార్యకు చెప్పుకుని మురిసి ఊరుకునేవాడు. ఈయన మామూలు మనిషి కారు. రాష్ట్ర జల నాణ్యతా నిర్ధారణ సంస్థలో ముఖ్య వ్యయ నియంత్రణాధికారి. అందుచేత ఆయన ఆనందం సోమవారం పొద్దున పదకొండు గంటలకల్లా సర్క్యులర్ అయిపోయి అన్ని జిల్లాలకూ వెళ్లింది.

"సంస్థ సిబ్బంది గాని, నీటి నమూనాలు గాని ఒక నగరము నుండి వేరొక నగరమునకు ఒకవైపు ప్రయాణము చేయునపుడు తిరుగు ప్రయాణములో నున్న అద్దె కారును మాత్రమే వినియోగించవలెను. బయలుదేరు కారును వినియోగించుట ఆర్థిక దుష్ప్రవర్తనగా పరిగణింపబడును. ఈ ఉత్తర్వు తక్షణమే అమలులోకి వచ్చును."

ప్రతి రిటర్న్ బండికీ ముందు ఒక పోయే బండి ఉండి తీరాలని ఆయనకు తెలియక కాదు. ఆ పోయే బండి సంగతి ఎవరో ఒకరు చూసుకుంటారనుకున్నారు. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు ఆ 'ఎవరో ఒకరు' మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

సర్క్యులర్ అనంతపురం శాఖకు చేరిన పూటే అక్కడి నీటి పరీక్షకుడు కుళ్లాయప్పకు ఒక ఫోనొచ్చింది. పేరుకు పరీక్షకుడే గానీ అతని పని సీసాలు నింపడం. జిల్లాలో ఒకప్పుడు నీళ్లలోని క్రిములను పెంచి చూసే యంత్రం ఉండేది. మూడేళ్ల కిందట కేంద్రీకరణ అని పేరు పెట్టి దాన్ని లారీకెత్తించి విజయవాడ ప్రయోగశాలకు పట్టుకుపోయారు. అప్పట్నుంచీ కుళ్లాయప్ప సీసా నింపి, ఐసు పెట్టెలో పెట్టి, కారెక్కించి పంపుతాడు. నింపిన ఇరవైనాలుగు గంటల్లోగా ఆ సీసా ప్రయోగశాలలో తెరుచుకోవాలి. ఆ గడువు దాటితే ఆ నీళ్లు చెప్పే సాక్ష్యం చెల్లదు. బస్సులో పంపకూడదు, ఎందుకంటే చెడిపోయిందేమోనని అనుమానం ఉన్న నీరు ప్రమాదకర ద్రవాల జాబితాలో ఉంది. ఆ నీటినే ఊరంతా బిందెలతో పట్టుకుని తాగుతుండవచ్చు, దానికి జాబితా ఏమీ లేదు.

ఫోను చేసింది బుడ్డేపల్లి ఆశా కార్యకర్త లింగమ్మ.

"సార్, మా ఊరి కొళాయి నీళ్లు వాసనొస్తాండాయి. నిన్నట్నుంచి పన్నెండు మందికి వాంతులు, భేదులు. మా మామకైతే లేసి నిలబడే శక్తి గూడా ల్యా. మండలాఫీసులో ట్యాంకరు అడిగితే, నీళ్లు బాగలేవని రిపోర్టు తెమ్మంటాండారు."

"నీళ్లు బాగా కాంచుకోని, చల్లార్చుకోని తాగమని చెప్పమ్మా. నేనొస్తాండా."

"చెప్తానే ఉండా సార్. ఇంట్లో ఉండేటోళ్లు కాంచుకుంటారు. చేనికి పోయేటోడు కొళాయి కాడ దోసిలి పట్టకుండా పోతాడా?"

కుళ్లాయప్ప మోటార్‌సైకిలు మీద నలభై కిలోమీటర్లు పోయి సీసా నింపుకొచ్చాడు. పెట్టె చంకన పెట్టుకుని నేరుగా బస్టాండు పక్కన టాక్సీ స్టాండుకు వెళ్లాడు. అక్కడ ఖాదర్ బాషా అనే పెద్దాయన ఉన్నాడు. ఏ ఊరి బండి ఏ ఊళ్లో ఎవరిని దింపిందో, ఎప్పుడు ఖాళీగా మళ్లుతుందో ఆయన నాలుక చివరనే ఉంటుంది.

"బెంగుళూరు రిటర్ను కావాల్నా, ఇప్పుడే ఉండాది. బళ్లారిది ఉండాది. విజయవాడదే ల్యా" అన్నాడు ఖాదర్ బాషా.

"ఎప్పుడొస్తాది?"

"ఆడినుంచి ఎవరన్నా వస్తే గదన్నా. ముందర మీ ఆఫీసోళ్లే వారానికి రెండుమార్లు వస్తాండ్రి. ఇప్పుడు వాళ్లు గూడా రిటర్న్ బండి కోసరం ఆడ నిలబడుకోని ఉండారంట. వాళ్లు ఆడ, నువ్వు ఈడ. ఇంగ బండి యాడిదన్నా?" అని ఖాదర్ బాషా తన కారు తలుపు తీశాడు. "నా బండి ల్యాదా ఏంది? ఎక్కించు పెట్టె. రాత్రికల్లా ఆడ దించుతా."

"వద్దన్నా. అది పోయే బండి."

"పోయేదానికే గదన్నా బండి ఉండేది!"

కుళ్లాయప్ప పెట్టెను చంకలోనే ఉంచుకుని వెనక్కి మళ్లాడు. పదిహేడేళ్ల నౌకరీలో అతను ఒక్క సర్క్యులర్ కూడా దాటి ఎరగడు. సర్క్యులర్ దాటి వచ్చిన నమూనాకు ప్రయోగశాల సీలు కూడా విప్పదని అతనికి తెలుసు. మర్నాడు పొద్దున గడువు తీరిన సీసాను ఇద్దరు సాక్షుల సమక్షంలో తొట్టిలో ఒంపి, 'నిర్వీర్య నమూనా విసర్జన పత్రం' మీద సంతకం చేసి, మళ్లీ బుడ్డేపల్లి పోయి రెండో సీసా నింపుకొచ్చాడు. దానికీ బండి రాలేదు. మూడోదానికీ రాలేదు. నాలుగో రోజుకు ఊళ్లో మంచాన పడ్డవాళ్లు ముప్ఫైమంది అయ్యారు.

ఆ నాలుగో రోజునే హయగ్రీవరావు గారు జిల్లాలవాళ్లందరినీ తెర మీద సమావేశపరిచారు. నుదుటిన బొట్టు, వెనకాల గోడ మీద సంస్థ చిహ్నం, ముఖంలో పెళ్లి పెద్ద తృప్తి.

"ఈ ఉత్తర్వు వెలువడిన నాటి నుండి అద్దె కార్లపై మన సంస్థ వ్యయం నూటికి నూరు శాతం తగ్గిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను" అన్నారాయన.

తగ్గదా మరి. ఒక్క కారూ కదల్లేదు. అయినా తెర మీది పదమూడు గడుల్లోంచి చప్పట్లు వినిపించాయి. చప్పట్లయ్యాక ఒక్కొక్క జిల్లావాడూ భయపడుతూ భయపడుతూ అదే మాట చెప్పాడు: రిటర్న్ బండి దొరకడం లేదు. అందరూ రిటర్న్ బండి కోసం ఎదురుచూస్తుంటే ఎవరూ బయలుదేరడం లేదు, ఎవరూ బయలుదేరకపోతే రిటర్న్ బండి పుట్టడం లేదు.

హయగ్రీవరావు గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి పథకం సిద్ధంగా ఉంది.

"కొరత ఉన్నచోట ఉత్పత్తి చేయాలి. రేపటి నుంచి ప్రధాన కార్యాలయమే ప్రతి జిల్లాకు రోజుకొక ఖాళీ కారును పంపుతుంది. అక్కడికి చేరగానే అది రిటర్న్ కారు అవుతుంది. సగం బాడుగకు మీరు వాడుకోవచ్చు. దీన్ని రిటర్న్ వాహన ఉత్పాదన పథకం అని వ్యవహరించవలసిందిగా కోరుతున్నాను."

కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. "సార్, అనంతపురం నుంచి కుళ్లాయప్పను. ఆ ఖాళీగా వచ్చే కారుకు గూడా బాడుగ ఇస్తాం కదా సార్. అట్లయితే ముందరికంటే ఎక్కువ..."

"అది పథకం పద్దు కుళ్లాయప్పగారూ. మీరనేది ప్రయాణం పద్దు. రెండింటినీ కలపకండి. కలిపి చూస్తే ప్రపంచంలో ఏ పొదుపూ మిగలదు."

ఇంతలో ప్రధాన కార్యాలయపు ఆడిటరు చెయ్యెత్తాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే కార్యాలయాల్లో ఆడిటరనేవాడు ఆ దూడకు పుట్టుమచ్చలు అడుగుతాడు.

"సూత్రప్రాయంగా ఒక అభ్యంతరం ఉన్నదండీ. ఎవరూ దిగకుండా వచ్చిన కారు రిటర్న్ కారు కాజాలదు. అది కేవలం వచ్చిన కారు. ఎవరినైనా దింపిన తరువాతనే దానికి తిరుగు ప్రయాణ లక్షణం సంక్రమిస్తుంది."

తెర మీది తలలన్నీ మెచ్చుకోలుగా ఊగాయి. అభ్యంతరం అంత బాగుంది. హయగ్రీవరావు గారు దాన్ని ఒప్పుకోవడమే కాదు, నెత్తికెత్తుకున్నారు. ప్రతి కారులోనూ ఒక ఉద్యోగి వెళ్లి జిల్లాలో దిగుతాడు. దిగడమే అతని విధి. అతన్ని 'అవతరణాధికారి' అనాలి. అవతరించినవాడు మళ్లీ అదే కారెక్కి రాకూడదు. పోయినవాడే తిరిగొస్తే అది ఒకవైపు ప్రయాణం కాదు, రానూపోనూ అవుతుంది.

"మరి అంతమంది సిబ్బంది ఎక్కడున్నారండీ?" అని అడిగారెవరో.

"ప్రయోగశాలలో" అన్నారు హయగ్రీవరావు గారు ఫైలు చూస్తూ. "నాలుగు రోజులుగా అక్కడికి ఒక్క నమూనా రాలేదు. వారంతా ఖాళీగా ఉన్నట్టు నా దృష్టికి వచ్చింది."

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు అనంతపురం శాఖ ముందు తెల్ల కారొకటి ఆగింది. పొద్దున నింపిన అయిదో సీసాను ఐసు పెట్టెలో పెట్టుకుని కుళ్లాయప్ప మెట్ల మీద ఎదురుచూస్తున్నాడు. కారులోంచి యాభై ఏళ్ల ఆవిడ, నలిగిన నూలు చీర, చేతిలో ఒక ఫైలు, నడుము పట్టుకుని దిగింది. దిగీ దిగగానే ఆవిడ ఆ ఫైలు తెరిచి అవతరణ ధ్రువపత్రం ముందుకు చాపింది. అందులో దిగిన ఊరు, దిగిన సమయం, ఏ వైపు తలుపు నుంచి దిగినదీ రాసి, స్థానిక ఉద్యోగి చేత సంతకం పెట్టించుకోవాలి.

కుళ్లాయప్ప సంతకం పెడుతూ ఆవిడ హోదా చదివాడు. మేరీ సుహాసిని, సీనియర్ పరీక్షకురాలు, క్రిమి విభాగం.

"మీరు ల్యాబులో చేస్తారా మేడమ్?"

"పందొమ్మిదేళ్ల నుంచండి. క్రిముల పనంతా నాదే."

"ఐతే ఈ పెట్టెలో ఉండే నీళ్లు చూసేది?"

"నేనేనండి."

"మరి మీరు ఈడ..."

"దిగడానికొచ్చానండి" అంది సుహాసిని.

ఇద్దరూ ఒకసారి కారు వంక చూశారు. డ్రైవరు కోటయ్య అద్దం దించి, "తెమలండి సార్. నేను పెట్టె కోసమే ఆగాను" అన్నాడు.

"క్రిముల పని తెలిసినోళ్లు ల్యాబులో ఇంకెవరున్నారు మేడమ్?"

"ఇద్దరండి. ఒకాయన ఇందాకే కడపలో దిగుంటాడు. రెండో ఆయన రేపు తెల్లారి బయలుదేరి కర్నూల్లో దిగుతాడు. తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి."

కుళ్లాయప్ప అక్కడే మెట్ల మీద కూర్చుని ప్రధాన కార్యాలయానికి ఫోను చేశాడు. మేడమ్‌ను కూడా ఈ కారులోనే వెనక్కి పంపిస్తాను సార్, పెట్టెతో పాటు ఆవిడ వస్తేనే పరీక్ష జరిగేది, ఊళ్లో జనం పడిపోతున్నారు అని మొరపెట్టుకున్నాడు. హయగ్రీవరావు గారు ఓపిగ్గా విన్నారు. ఆయనకు కోపం రాదు. కోపం రావాలంటే ఎదుటివాడు చెప్పేది కొంతైనా బుర్రకెక్కాలి.

"చూడండి. సుహాసినిగారు మళ్లీ అదే కారెక్కితే ఆవిడ దిగనట్టు లెక్క. ఆవిడ దిగకపోతే అది రిటర్న్ కారు కాదు. రిటర్న్ కారు కాకపోతే నమూనా ఎక్కకూడదు. నమూనా ఎక్కాలనే కదా మీరు నాలుగు రోజులుగా అడుగుతున్నారు?"

"ఎక్కినా ఆడ చూసేటోళ్లు ఉండరు సార్!"

"చూడడం సాంకేతిక విభాగం. నాది వ్యయ విభాగం. ఒకరి పరిధిలోకి ఒకరు రాకపోవడం పరిపాలనకు ప్రాణం."

పెట్టె కారెక్కింది. కోటయ్య దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాడు. వయసులో పెద్దదైన ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంటే, సీసాడు నీళ్లు ఏసీ కారులో నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు దొరలా బయలుదేరాయి.

సుహాసిని చీర కుచ్చిళ్లు దులుపుకుని, "ఊళ్లో ఎలా ఉందండి?" అని అడిగింది. ఆ కార్యాలయం మొత్తంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. అతను చెప్పాడు. "నన్నక్కడికి తీసుకెళ్తారా? దిగే పని అయిపోయింది, నన్ను ఎక్కించుకునే బండేదో ఎప్పుడొస్తుందో తెలీదు" అందావిడ. కుళ్లాయప్ప ఖాదర్ బాషాకు ఫోను చేశాడు. పోయే బండే, కానీ సొంత డబ్బు కాబట్టి ఎవరికీ దోషం లేదని తనకు తాను చెప్పుకున్నాడు.

బుడ్డేపల్లిలో లింగమ్మ ఇంటి వసారాలో ఆమె మామ పెద్ద ఓబులేసు నులక మంచం మీద ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. మొన్న ఆస్పత్రిలో సెలైను ఎక్కించి పంపితే కాస్త తేరుకుని, ఇంటికొచ్చి దాహమేసి చెంబెడు నీళ్లు తాగాడు. మళ్లీ మొదటికొచ్చింది.

సుహాసిని ఆయన చెయ్యి పట్టుకు చూసింది. తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర్నుంచి గొట్టం పోయే దారి వెంట నడుచుకుంటూ వెళ్లింది. రెండో వీధి మలుపులో మురికి కాలవ గొట్టం మీదుగా పారుతోంది. కాలవలో ఒకచోట నీళ్లు గుడగుడమంటున్నాయి. కుళ్లాయప్ప కర్ర పెట్టి కదిపితే అతుకు దగ్గర చుట్టిన పాత సైకిల్ ట్యూబు ముక్క తేలింది.

"కొళాయి వదిలినప్పుడు నీళ్లు బయటికొస్తాయి, ఆపినప్పుడు మురుగు లోపలికి పోతుంది. దీనికి మైక్రోస్కోపు ఎందుకండి, ముక్కుంటే చాలు" అంది సుహాసిని. "ఇప్పుడే వాల్వు కట్టేయించండి. తవ్వి అతుకు మార్పించండి."

లింగమ్మ కుళ్లాయప్ప మొహంకేసి చూసింది. చుట్టూ చేరిన పదిమందీ చూశారు. ఫిట్టర్ పని తెలిసిన ఆసామి ఒకడు, "చెప్పు సార్, ఇప్పుడే తవ్వుతాం" అన్నాడు.

కుళ్లాయప్ప చేతిలో కర్ర పక్కన పడేశాడు. ప్రభుత్వ గొట్టం. రిపోర్టు లేకుండా చెయ్యి వెయ్యకూడదు. వాల్వు కట్టేస్తే ఊరికి చుక్క నీరుండదు, ట్యాంకరు రావాలంటే రిపోర్టు రావాలి. "పెట్టె పోయింది కదా. రేపొక్క దినం చూద్దాం. రిపోర్టు వస్తాది" అన్నాడు. ప్రయోగశాలలో మనిషి లేడనీ, రేపటికి తాళం కూడా ఉండదనీ అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. సుహాసిని అతని వంక ఒక్క చూపు చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేదని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

పెట్టె విజయవాడకు సకాలంలోనే చేరింది. రిటర్న్ బండిలో, సగం బాడుగకు. తాళాలాయన తన వంతు దిగడం కోసం తెల్లవారుజామునే కర్నూలు బయలుదేరిపోయాడు. వాచ్‌మన్ పెట్టె అందుకుని, పుస్తకంలో సంతకం పెట్టి, మూసిన తలుపు ముందు పెట్టాడు. మధ్యాహ్నానికి ఐసు కరిగింది. సాయంత్రానికి అది బుడ్డేపల్లి నీళ్లూ కాదు, విజయవాడ నీళ్లూ కాదు. ప్రధాన కార్యాలయం మాత్రం ఆ రోజు అన్ని జిల్లాల్లోనూ అవతరణలు విజయవంతంగా జరిగినట్టు ప్రకటించింది.

ఆ మర్నాడు పొద్దున పెద్ద ఓబులేసు చచ్చిపోయాడు.

కుళ్లాయప్ప వెళ్లేసరికి వసారాలో మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. లింగమ్మ ఏడవడం లేదు. గడప దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"రిపోర్టొచ్చెనా సార్?"

ఆమె ఎత్తిపొడవడానికి అడగలేదు. నిజంగానే అడిగింది. అదే అతనికి తగిలింది. కుళ్లాయప్పకు కన్నీళ్లు రాలేదు. ఆఫీసు మీద రోత పుట్టింది, అంతకు రెండింతలు తనమీద తనకే రోత పుట్టింది. ఒక దినం చూద్దామన్నది హయగ్రీవరావు కాదు, తాను.

"ల్యామ్మా. రాదు" అన్నాడు. "గడ్డపార యాడుండాది?"

ఆ పూట వాల్వు కట్టేశారు. పాడె మోసిన భుజాలే తిరిగొచ్చి కాలవ మళ్లించాయి. కుళ్లాయప్ప ప్యాంటు మోకాళ్లదాకా మడిచి మురుగులో దిగి గొట్టం తవ్వాడు. ఫిట్టరు పాడైన ముక్క కోసేసి కొత్తది అతికాడు. ఖాదర్ బాషా ఎవరూ అడక్కుండానే తన కారు డిక్కీలో క్యాను నీళ్లు వేసుకొచ్చి మూడు రోజులు పంచాడు. సుహాసిని బడి వరండాలో బల్ల వేసుకుని ఇంటింటికీ మందు బిళ్లలు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఇచ్చింది. నాలుగో రోజుకు కొత్తగా మంచం పట్టినవాళ్లు లేరు.

ఇక్కడితో కథ అయిపోవాలి. మంచి కార్యాలయమైతే అయిపోయేది కూడా. కానీ ఫిర్యాదు పత్రం తెరిచే ఉంది, రిపోర్టు వచ్చేదాకా నమూనాలు పంపుతూనే ఉండాలి. కుళ్లాయప్ప తొమ్మిదో సీసా నింపి పంపాడు. అప్పటికి అవతరించినవాళ్లంతా ఒకరి వెనక ఒకరు వేరే వేరే రిటర్న్ బండ్లలో ప్రయోగశాలకు చేరుకున్నారు. పరీక్ష సక్రమంగా జరిగింది. రిపోర్టొచ్చింది.

బుడ్డేపల్లి నీరు నిర్దుష్టం. ఫిర్యాదు నిరాధారం.

గొట్టం తవ్విన సంగతి అప్పటికి పైదాకా పాకింది కాబట్టి దాని వెనకే రెండు కాగితాలొచ్చాయి. శుభ్రమైన నీటిని సరఫరా చేస్తున్న ప్రభుత్వ గొట్టాన్ని అకారణంగా తవ్వించినందుకు, ఫిర్యాదు చేసిన ఆశా కార్యకర్త లింగమ్మ మీద చర్య తీసుకోవాలని మండలాఫీసుకు సిఫార్సు ఒకటి. స్వయంగా హాజరై సంజాయిషీ చెప్పుకోవాలని కుళ్లాయప్పకు మెమో ఒకటి. విజయవాడకు అతను రిటర్న్ బండిలోనే వెళ్లాడు. అతనికోసం అనంతపురంలో ఎవరు దిగారో అతనడగలేదు.

హయగ్రీవరావు గారి బల్ల మీద కొత్తగా ఒక ఇత్తడి జ్ఞాపిక వెలుగుతోంది. ఆదర్శ పొదుపు పథకమని పైవాళ్లు ఇచ్చారు.

"కుళ్లాయప్పగారూ, నీరు నిర్దుష్టమని ప్రయోగశాల తేల్చింది. మరి గొట్టం ఎందుకు తవ్వవలసి వచ్చింది?"

"తవ్వినాకనే నీళ్లు బాగైనాయి సార్. తవ్వక ముందర పంపిన సీసాలు ఎవరూ చూడలే."

"చూడని సీసాను గురించి సంస్థకు అభిప్రాయం ఉండజాలదు."

"మనిషి చచ్చిపోయినాడు సార్."

హయగ్రీవరావు గారు ఫైలు తిప్పారు. "వృద్ధాప్యం అని ఉన్నది."

కుళ్లాయప్ప ఆ ముఖం వంక చూశాడు. అందులో క్రూరత్వం కూడా లేదు. క్రూరుడైతే చేసిందేమిటో తెలుసుంటాడు. ఈయనకు అది కూడా తెలియదు. రాత్రి హాయిగా భోంచేసి, పొదుపు గురించి కలలు కంటూ నిద్రపోతాడు.

"లింగమ్మ తవ్వలే సార్. నేను తవ్వినా. ఆమెను దీంట్లోకి లాగద్దండి. రాసుకోండి."

రాసుకున్నారు. లింగమ్మ మీద సిఫార్సు రద్దయింది, ఎందుకంటే నేరాన్ని ఒప్పుకున్నవాడు దొరికితే ఏ కార్యాలయానికైనా పని తేలిక. కుళ్లాయప్పను సీసాలు నింపే పని నుంచి తప్పించి శాశ్వత అవతరణాధికారిగా వేశారు. ఉత్తర్వు చేతికిస్తూ ఆడిటరు చిన్న గొంతుతో అభినందించాడు కూడా, జీతం తగ్గకుండా పని తగ్గిందని.

మరుసటి వారం మధ్యాహ్నం పన్నెండింటికి కుళ్లాయప్ప పార్వతీపురంలో అవతరించాడు. ఎడమవైపు తలుపు నుంచి. అక్కడి శాఖ ముందు ఐసు పెట్టె పట్టుకుని జగ్గునాయుడనే నీటి పరీక్షకుడు నిలబడున్నాడు. మూడు రోజుల గడ్డం, కళ్ల కింద నలుపు.

"వొచ్చీసేరా బావూ! సంతకమెట్టీమంటే ఎట్టీస్తాను. మూడ్రోజులై ఈ బండి కోసమే సూస్తన్నాను. కొండ మీద ఊర్లో పిల్లలకి రోగాలట్టేసినాయి."

కుళ్లాయప్ప ధ్రువపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టె బండెక్కించు. బండిని పంపించు. నువ్వు నాతో రా."

"ఎక్కడికండీ?"

"ఆ ఊరికి."

"మరి రిపోర్టో?"

"అది వస్తాది. జనం పోయినాక. గొట్టం యాడ పగిలిందో మనం ముందర చూద్దాం రాన్నా."

జగ్గునాయుడు పెట్టెను సీట్లో పెట్టాడు. కారు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత ఎదురింటివాళ్లను పిలిచి పలుగు అడిగాడు.